మసక జెల్లీ

"పిండకండి పెద్దమ్మా, వదిలెయ్యండి."

వెర్లీన్ మాట పూర్తయ్యేలోపే ముసలామె వేలాడుతున్న బట్టసంచిని రెండు చేతులా పట్టి మెలితిప్పేసింది.

కింద గిన్నెలో అప్పటిదాకా అద్దంలా ఉన్న అడవి యాపిళ్ళ రసానికి మబ్బు పట్టింది.

కెంటకీ బొగ్గు కొండల్లో, ఆ చిన్న చర్చి కింది హాల్లో, వెర్లీన్ దగ్గర జెల్లీ చెయ్యడం నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళంతా చేతుల్లో పని ఆపారు.

"రాత్రంతా చుక్కచుక్కగా దిగిన రసం అది," అంది వెర్లీన్. "జిల్లా పోటీకి పెట్టాలనుకున్నాం. సీసాకి అవతల వేలు పెడితే ఇవతలికి కనబడాలి. ఇప్పుడేం కనబడుతుంది?"

"జెల్లీ కనబడుతుంది," అంది ముసలామె.

నేర్చుకునేవాళ్ళలో రీటా కిసుక్కున నవ్వింది. "అక్కా, ఈ పెద్దమ్మకి బట్టలుతికే అలవాటనుకుంటా."

"ఉంది. తినేది పారబోసే అలవాటు మాత్రం లేదే పిల్లా."

"సంచి పిండొద్దని మొదటే చెప్పాను. మీరు వినలేదు," అంది వెర్లీన్.

"విన్నాను. ఒప్పుకోలేదు."

ఆమె పైన్ చెట్ల గట్టు మీద ఒంటరిగా ఉంటుందని, ఏ చర్చికీ రాదని వెనకాల ఎవరో గొణిగారు. పేరెవరికీ తెలియదు.

ముసలామె కోటు జేబులోంచి ఓ సీసా తీసి బల్లమీద పెట్టింది. మసక జెల్లీ. అడుగున ఓ ఆకు.

"ఆకేంటి?"

"గులాబీ వాసన వేసే ఆకు. మా కిటికీలో పెరుగుతుంది. వేడి జెల్లీ పోసేముందు అడుగున ఒకటి వేస్తే చాలు."

"పోటీలో దీన్ని చూడగానే పక్కన పెట్టేస్తారు."

"పెట్టుకోనీ. ఆకలైన నోటికి అద్దం ఎందుకమ్మాయ్?"

వెర్లీన్ మొహం ఎర్రబడింది.

"నువ్వు ఈనిడ్ కూతురివి కదూ?" అంది ముసలామె, కాస్త గొంతు తగ్గించి. "అమ్మ తింటోందా?"

"మా అమ్మ సంగతి తర్వాత. ఇక్కడ కొత్తగా నేర్చుకునేవాళ్ళున్నారు. మీరు పైకి వెళ్ళండి."

"వెళ్తాను. పిండినందుకు మాత్రం తప్పయిందని అనను."

నడుం వంచకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది. సీసా బల్లమీదే ఉండిపోయింది.

ఎవరి సీసా వాళ్ళకి తిరిగి ఇవ్వాలి కదా. వెర్లీన్ దాన్ని ఇంటికి తెచ్చింది.

భోజనం ముందు అమ్మ ఎప్పటిలాగే కళ్ళు మూసుకుంది.

"సమ్మె జరిగిన ఏడు మా గుడారం ముందు సీసాలు పెట్టిన చేతిని చల్లగా చూడు ప్రభూ."

అప్పటికి వెర్లీన్ చంటిపిల్ల. గని కంపెనీ కార్మికుల్ని ఇళ్ళలోంచి మంచులోకి గెంటేసింది. ఆ చలికాలమంతా ఎవరో తెల్లారేసరికి గుడారం ముందు జెల్లీ సీసా పెట్టి పోయేవారు. ఎవరో అమ్మకి తెలియదు. ఆ ప్రార్థన లేకుండా ఈ ఇంట్లో ముద్ద దిగేది కాదు.

ఇంకో కట్టడి కూడా ఉంది. గెంటేసిన రోజు వీళ్ళింట్లో మండుతున్న పొయ్యిని తుపాకీ పట్టుకుని మంచులోకి తన్నిన కంపెనీ కావలివాడు డెల్మర్ స్టైల్స్. ఆ పేరు ఈ గుమ్మంలో ఎవరూ ఎత్తకూడదు.

అమ్మ రెండు ముద్దలు తిని కంచం పక్కకి జరిపింది. వెర్లీన్ కుడితి బకెట్టు దగ్గర సీసా మూత తీసింది.

"ఏంటే అది?"

"పనికిరాని జెల్లీ. ఓ మొండి ముసలామె తెచ్చింది. సంచి పిండేసే రకం. పైగా అడుగున ఆకొకటి."

"ఆకా? ఇలా తే."

అమ్మ వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. మళ్ళీ ముంచింది.

"మొక్కజొన్న రొట్టె తే," అంది.

రొట్టెంతా తిన్నాక సీసాని ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ సీసాలూ ఇంతే. మసగ్గా ఉండేవి. ఇదే ఆకు."

"ఎప్పుడూ చెప్పలేదేమ్మా?"

"నువ్వు పోటీల్లో గెలిచే రిబ్బన్ల గురించి చెప్పేదానివి గానీ, ఎప్పుడైనా అడిగావా? ఆమెని తీసుకురా. ఒక్కసారి ఆ చెయ్యి పట్టుకోవాలి."

"రేపే వెళ్తాను."

"ఉత్త సీసాతోనా?"

నిజమే. ఆ కొండల్లో ఒకరి సీసా ఉత్తది తిరిగివ్వరు.

యాపిళ్ళు ఏరి, ఉడికించి, శనివారం హాల్లో అందరి ముందూ వెర్లీన్ సంచిని తనే పిండింది.

"అక్కా, మసకేస్తుంది," అంది రీటా.

"వెయ్యనీ."

"మరి పోటీకి?"

"ఇలాగే పెడతాను. పక్కన పెట్టేవాళ్ళు నా మొహం చూసి పెట్టాలి."

మూత టిక్కుమని బిగుసుకునేదాకా ఆగి, సీసాని శాలువలో చుట్టుకుని గట్టెక్కింది.

తలుపు తీసింది ముసలామె మేనకోడలు, నల్లబట్టల్లో.

"ఓర్ఫా అత్తా? నిన్ననే పూడ్చాం. పెరట్లోనే."

వెర్లీన్ గడపలోనే నిలబడిపోయింది. ఆ మర్నాడే ఉత్త సీసాతో వచ్చి ఉంటే? ప్రభువు ఇన్నేళ్ళకి జవాబు పంపితే, మెట్లెక్కించి పంపేసింది తను కాదూ?

"ఒకప్పుడు బొగ్గు బకెట్టులో సీసాలు దాచుకుని గట్టు దిగేదట," అంది మేనకోడలు. "ఎందుకు దాచావత్తా అంటే నవ్వేసేది."

కొత్త మట్టి దగ్గర సీసా పెట్టి తలెత్తింది వెర్లీన్. పక్కనే ఓ పాత సమాధి రాయి. దాని మీది పేరు చదివి తడి మట్టిలోనే కూర్చుండిపోయింది.

సాయంత్రం అమ్మ కంచం ముందు ఎదురు చూస్తోంది.

"ఏదే, రాలేదా?"

"ఇంక రాదమ్మా. పోయింది."

అమ్మ చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. "సమ్మె జరిగిన ఏడు మా గుడారం ముందు సీసాలు పెట్టిన చేతిని..."

"ఆ చేతికి పేరుందమ్మా," అంది వెర్లీన్, ఆ ఇంట్లో ఎవరూ ఎత్తకూడని పేరు గొంతెత్తి పలుకుతూ, "డెల్మర్ స్టైల్స్ పెళ్ళాం, ఓర్ఫా స్టైల్స్."