బావురుపిల్లికి ముల్లంగి వైద్యం

పొంచి కూర్చుని కోళ్ళను పట్టి బతికే బావురుపిల్లికి మొలలు వచ్చాయి. ఇంక కూర్చోవడం ఎక్కడిది? నిలబడి పొంచి ఉంటే ఎలకలు కూడా నవ్వి పోయాయి.

నొప్పి ఓర్చుకోలేక, వైద్యం తెలిసినదని పేరున్న సింగారి అనే కోడిపెట్ట దగ్గరికి వచ్చింది.

"అక్కా, మందు చెప్పు. చెప్పకపోతే నిన్నే తింటాను."

సింగారి అప్పుడే పదకొండు గుడ్ల మీద పొదగడానికి కూర్చుంది. లేచి పారిపోతే అవి చల్లారిపోతాయి.

"కూర్చోవడం గురించి నాకంటే ఎవరికి తెలుసురా తమ్ముడూ? ఆ మడిలో ముల్లంగి ఉంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పచ్చిగా నములు. ఇరవై ఒక్క రోజులు నీసు ముట్టకు. ముట్టావో, జబ్బు రెండింతలవుతుంది."

నొప్పి ఉన్నంతకాలం మగమహారాజులు పథ్యం బుద్ధిగానే చేస్తారు. బావురుపిల్లీ చేసింది.

ఇరవై రెండో రోజున కంచె వెనక హాయిగా పొంచి కూర్చుంది. పెరట్లో పదకొండు కోడిపిల్లలు! దూకబోయేంతలో గట్టిగా త్రేన్పు వచ్చింది. పెరడంతా ముల్లంగి కంపు. తల్లీ పిల్లలూ ముళ్ళకంప కిందికి దూరిపోయాయి.

"ఇదేం మందే?" అని అరిచింది బావురుపిల్లి.

"నొప్పి తగ్గిందా?"

"తగ్గింది."

"కూర్చోగలుగుతున్నావా?"

"ఆఁ."

"మరి కూర్చో నాయనా. ముల్లంగి మానేస్తే మళ్ళీ వస్తుంది."

బావురుపిల్లి ఇంకో ముల్లంగి పీక్కుంది. ఇప్పుడు త్రేన్పు వినపడినప్పుడల్లా పిల్లలు "మావయ్య వచ్చాడు" అనుకుని, ఆట అవతలి పక్కకు మార్చుకుంటున్నాయి.