గోడ దాటిన తీగ

"తత్సుజి గారూ! మీ తీగకి బొత్తిగా సిగ్గులేదండీ. మళ్ళీ గోడ దాటొచ్చి నా దండెం గుంజెక్కింది!"

మా ఇరియా సందులో తెల్లారేది ఈ కేకతోనే. పక్కింట్లో ఒంటరిగా ఉండే కినుయే గారిది. గింజలకి చెక్కు గీకి, రాత్రంతా నానబెట్టి, బిడ్డలా పెంచుకున్నాను ఆ అసగావో తీగని. పూలు వేకువనే విచ్చుకుని, ఎండెక్కేసరికి ముడుచుకుపోతాయి. అందుకే ఆవిడ దెబ్బలాటంతా పొద్దున్నే.

రోజూ పడే మాటలకి విసుగెత్తి, ఇవాళ కత్తెర పట్టుకెళ్ళాను.

"అయ్యయ్యో, పూలున్నాయి కదండీ! వాడాక నేనే విప్పుతాలెండి, ఎప్పట్లాగే. కూర్చోండి, బార్లీ టీ తెస్తాను" అంటూ లోపలికెళ్ళింది.

అప్పుడు తీగని దగ్గరగా చూశాను. అసగావో దానంతట అది పాకితే ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే మెలి తిరుగుతుంది. ఈ గుంజకి మాత్రం కుడి నుంచి ఎడమకి చుట్టుకుని ఉంది. జారిపోకుండా నీలం కుట్టుదారంతో బుల్లి ముడి.

కత్తెర జేబులో పెట్టేసుకున్నాను.

ఆవిడ టీ తెచ్చింది. సగం తాగాక, వేలు గాల్లో తిప్పి చూపించాను.

"కినుయే గారూ, రేపు ఇటువైపు చుట్టండి. దారం అక్కర్లేకుండానే ఉండిపోతుంది."