పదిహేనో తల

"పద్నాలుగు!"

శోశమ్మ టీచర్ లెక్కపెట్టడం ఇది నాలుగోసారి. ముందు బెంచీ నుంచి లెక్కపెట్టినా, వెనక బెంచీ నుంచి లెక్కపెట్టినా రెండో తరగతిలో తలలు పద్నాలుగే. బళ్లు తెరిచిన ఆరో రోజున పైఆఫీసు నుంచి సారు పడవలో వచ్చి తలలు లెక్కపెట్టుకుపోతాడు. పదిహేనుంటే తరగతి ఉంటుంది, టీచరూ ఉంటుంది. ఒక్కటి తగ్గిందా, తరగతీ పోతుంది, టీచరూ పోతుంది. పంతొమ్మిదేళ్లుగా ఈ కుట్టనాడు నీళ్లలో పడవెక్కి దిగుతున్న మనిషి, ఇప్పుడు ఇంకెక్కడికి పోతుంది పాపం!

"టీచరే, సారు పడవ రేవులో ఆగింది!" కిటికీ దగ్గరి పిల్లలు అరిచారు.

శోశమ్మ గది నాలుగు మూలలూ వెతికి చూసింది. అప్పుడు కంటబడింది మూడో బెంచీ మీద ఖాళీ చోటు. దాని పక్కనే పారు, ఎప్పట్లాగే నోరు కొంచెం తెరుచుకుని మబ్బుల్లోకి చూస్తూ కూర్చుంది.

ఆ చోటు తుంబిది. తుంబి పారు స్నేహితురాలు. పారుకి తప్ప లోకంలో ఇంకెవరికీ కనబడదు. ఎవరైనా అక్కడ కూర్చోబోతే, "అయ్యో, తుంబి నలిగిపోతుంది!" అని గోల పెడుతుంది పారు. నిన్నటికి నిన్న, తను ఎక్కాలు చెబుతుంటే పారు ఆ ఖాళీతో గుసగుసలాడుతోందని శోశమ్మకి ఒళ్లు మండిపోయింది. "లే తుంబీ! బయటికి నడు! మళ్లీ ఈ గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా!" అని ఖాళీ బెంచీని బెత్తంతో ఠపామని కొట్టింది. క్లాసంతా విరగబడి నవ్వింది. పారు మాత్రం నవ్వలేదు.

శోశమ్మ గబగబా హాజరు పట్టీ తీసి పదిహేనో గడిలో 'తుంబి' అని రాసేసింది.

"పారూ, నా బంగారు తల్లివి కదూ! సారు అడిగితే తుంబి గురించి చెబుతావా?"

"తుంబీ లేదు గింబీ లేదు అని ఎప్పుడూ అంటారుగా మీరు?"

"నా నోరు పడిపోను, ఎందుకు లేదూ! ఉంది. నిక్షేపంలా ఉంది."

"మరి టీచరే, తుంబి నిన్న..."

"నిన్నటి సంగతి తర్వాత. అదిగో సారు!"

భార్గవన్ సారు తడిసిన గొడుగు గోడకి ఆనించి, పంచె అంచు పిండుకుని, "పొద్దుట్నుంచీ ఒకటే వాన. ఇది మూడో బడి" అని విసుక్కుంటూ ఒక్కొక్క తలకీ వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు.

"పట్టీలో పదిహేను. గదిలో పద్నాలుగు. ఇంకో తల ఏది టీచర్?"

"ఒకటికి వెళ్లింది సర్."

"రానివ్వండి. చూసే పోతాను."

శోశమ్మ సారుకి కుర్చీ వేసింది. టీ తెప్పించింది. వేడివేడి పళంపొరి తెప్పించింది. సారు ఆ అరటిపండు బజ్జీల్లో ఒకటి తిన్నాడు, రెండు తిన్నాడు, వేళ్లు నాక్కుని మూడోది కూడా తిన్నాడు. తుంబి రాలేదు.

"ఇదేం ఒకటి టీచర్! వేంబనాడు సరస్సు నింపి గానీ రాదా ఏమిటి?"

"చిన్నపిల్ల కదా సర్... వానాకాలం కూడానూ..."

సారుకి అనుమానం వచ్చింది. లేచి మూడో బెంచీ దగ్గరికి నడిచాడు. "ఏమ్మా, నీ పక్కన ఎవరు కూర్చుంటారు?"

"తుంబి."

"ఎలా ఉంటుంది?"

అడగడమే ఆలస్యం. "రెండు జడలు సార్. ఎడమ జడ ఎప్పుడూ ఊడిపోతుంది. ముందు పన్ను లేదు, అది నా దగ్గరే దాచింది. వాళ్ల నాన్నకి మూడొందల బాతులు. తుంబి బాతుల వెనకాలే చిన్న పడవ తోసుకుంటూ బడికొస్తుంది. ఒక బాతుకి చెవుడు సార్. దాన్ని మాత్రం ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది."

"బాతుకి చెవుడా! నీకెలా తెలుసు?"

"పిలిస్తే రాదు సార్. పక్క బాతు వస్తుంటే చూసి వస్తుంది."

సారు నోరు వెళ్లబెట్టాడు. పిల్లలంతా అవునవునని తలలూపారు. శోశమ్మకే ఒక్క క్షణం ఆ బాతు కళ్ల ముందు అడ్డంగా నడిచిపోయింది. ఇంత చక్కటి పిల్లని ఉత్తపుణ్యానికి తిట్టానే అని బాధేసింది. ఆ తిట్టింది పారునో తుంబినో ఆ గాభరాలో ఆమెకే తెలియలేదు.

"చెవిటి బాతుని ఎవరు మాత్రం కల్పించగలరు లెండి" అంటూ సారు పెన్ను మూత తీశాడు. శోశమ్మ మనసులోనే మేరీమాతకి పెట్టెడు కొవ్వొత్తులు మొక్కుకుంది. పెన్ను కాగితం మీద ఆనింది.

"ఇంతకీ ఎప్పుడొస్తుందమ్మా మీ తుంబి?" మాటవరసకి అడిగాడు సారు.

"రాదు సార్. టీచర్ నిన్న కాళ్లు విరగ్గొడతానంది. ఏడ్చుకుంటూ వెళ్లి ఏటికవతలి బడిలో చేరిపోయింది."

శోశమ్మ గట్టిగా కళ్లు మూసుకుంది.

సారు సంచీలోంచి పొద్దుటి బడి కాగితం ఒకటి తీసి, వేలు పెట్టి కిందిదాకా చదువుకుని, పెన్ను మూత పెట్టేశాడు.

"నిజమే టీచర్. అవతలి బడిలో కూడా పదిహేనో పిల్ల ఒకటికి వెళ్లిందనే చెప్పారు, నమ్మి హాజరు వేసేసి వచ్చాను. ఇప్పుడు ఒక్క పిల్లని రెండు బళ్లలో వేస్తే నా ఉద్యోగం పోదూ?"