ఓరిన్ పట్టిన ట్రౌట్

ట్రౌట్ చేపల మేత తినేస్తున్నాయని, సరస్సులో మందు కలిపి చిత్తపరిగెలన్నిటినీ చంపాలా వద్దా అని తేల్చడానికి యూటా కొండల్లోని మా ఊరంతా హాల్లో చేరింది. చంపాల్సిందేనని పట్టుబట్టిన గాలాల కొట్టు ఓరిన్, ఇరవై పౌండ్ల ట్రౌట్‌ని రెండు చేతులా ఎత్తి చూపించాడు.

"చూశావా అమ్మాయ్? ఇది ఈ సరస్సులో పుట్టిందే. నువ్వు తెచ్చి వదిలిన ట్రౌట్ పిల్లలు ఏనాడో చచ్చాయి. ఐదేళ్లుగా చిత్తపరిగెలకి ఆయా ఉద్యోగం చెయ్యడం తప్ప ఏం ఉద్ధరించావ్?"

హాలు ఘొల్లున నవ్వింది. చేపల శాఖ అధికారి వెర్డా నవ్వలేదు.

"ఆ చిత్తపరిగెల్ని తినే అది అంత అయింది, ఓరిన్ గారూ. నేను వదిలిన ప్రతి పిల్లకీ గుర్తుగా తోక దగ్గరి చిన్న రెక్క కత్తిరించాను. దాని తోక దగ్గరున్న మీ కుడిచెయ్యి కాస్త తీస్తారా?"

"జారిపోతుంది," అంటూ ఓరిన్ మరింత గట్టిగా పట్టుకున్నాడు.

ఆమె రెట్టించలేదు. "చీటీలతో ఓట్లెందుకండీ, చేతులెత్తించండి," అంది సభ నడిపేవాళ్లతో.

చంపాలన్న చేతులు ముప్ఫై ఒకటి. వద్దన్నవీ ముప్ఫై ఒకటే. సగం దాటలేదు కనుక మందు కలిపేది లేదన్నారు.

ఇంకొక్క చెయ్యి లేస్తే దాటేది. ఆ చెయ్యిగల పెద్దమనిషి రెండు చేతులా చేపను అలాగే పట్టుకుని గోడవైపు చూస్తూ నిలబడ్డాడు.