చిటికెన వేలి కొసంత వెండి

మిషన్ కుయ్యిమంది. స్నేహ మోకాళ్ల మీద కూలబడి గబగబా ఇసుక తవ్వింది. సీసా మూత. పొద్దుటి నుంచి ఇది పదకొండోది.

"పాత ఇనపసామాన్ల కొట్టు పెట్టేద్దామే, బోర్డు నేను రాస్తా" అని బయల్దేరేటప్పుడే రూమ్మేట్ అమృత వెక్కిరించింది. ఈ సరస్సు ఒడ్డున ఒకప్పుడు ఓడలు ఆగేవని, ఇసుకలో పాత నాణేలు, సైనికుల కోటు గుండీలు దొరుకుతాయని వీడియోల్లో చూసి స్నేహ మెటల్ డిటెక్టర్ కొనుక్కుంది. కొత్త మిషన్‌ని బయటికి తీయడం ఇవాళే మొదలు.

మే నెల వచ్చినా ఈ పరదేశపు ఊరు సార్నియాలో గాలి ఇంకా కోస్తూనే ఉంది. బీచ్‌లో స్నేహ కాక ఒక్క మనిషే ఉంది. ముప్పై దాటిన ఆవిడ. నీళ్లకు వీపు పెట్టి కూర్చుని, పిండి జల్లెడతో ఇసుక జల్లిస్తోంది.

స్నేహ ఫోన్‌లో అమృతతో మాట్లాడటం విని ఆవిడ తలెత్తింది.

"తెలుగమ్మాయివా? అమ్మా, ఆ మిషన్ వెండిని పట్టిస్తుందా?"

"పట్టించాలక్కా. ఇప్పటిదాకా బీరు మూతలే పట్టించింది."

ఆవిడ నవ్వలేదు. చిటికెన వేలి కొస పట్టుకుని చూపించింది. "ఇంత ఉంటుంది. గొట్టంలాగా. మా స్వీటీ మొలతాడుకి కట్టిన తాయెత్తు. తాడు తెగి ఇక్కడే పడింది."

ఆవిడ పేరు మృదుల.

"ఎప్పుడు పడిందక్కా?"

"పోయిన జూలై పద్నాలుగు. సాయంత్రం నాలుగూ ఇరవైకి."

"అమ్మో, నిమిషాలతో సహా గుర్తుందా!" స్నేహ నవ్వేసింది. "మా అమ్మ వచ్చే నెల హైదరాబాద్ నుంచి వస్తోంది. అచ్చం అలాంటిదే తెమ్మంటాలెండి."

"వద్దమ్మా. అదే కావాలి."

ఆ గొంతు విన్నాక స్నేహ ఆవిడ దగ్గరికి నడిచింది. నాణేలు, గుండీలు పక్కన పెట్టి మిషన్‌ని ఇటు తిప్పింది.

ఆ వారం దొరకలేదు. పై వారమూ దొరకలేదు. ఇద్దరూ ఇసుక మీద దారాలు కట్టి, గళ్లు గీసి, ఒక్కో గడీ వెతికారు. మృదుల స్టీలు డబ్బాలో పులిహోర తెచ్చేది. ఐదో తరగతి నుంచీ హాస్టల్ అన్నం తిని పెరిగిన స్నేహ ఆ డబ్బా అడుగు వేలితో తుడిచి నాకేది. మృదుల మాత్రం నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని మళ్లీ జల్లెడ అందుకునేది.

"స్వీటీని ఒక్కసారైనా తీసుకురారేం అక్కా?"

"ఇక్కడికా?" మృదుల చెయ్యి ఆగింది. "మా ఆయనే ఈ పక్కకి రాడమ్మా."

నిజమే, ఈ చలిగాలికి ఎవరొస్తారులే అనుకుంది స్నేహ.

నాలుగో ఆదివారం మృదుల రాలేదు. జ్వరమని మెసేజ్ పెట్టింది. స్నేహ ఒక్కతే వెతుకుతుంటే మధ్యాహ్నం మిషన్ సన్నగా, ఆగకుండా మోగింది. మోచేతి లోతు తవ్వాక నల్లగా కమిలిపోయిన చిన్న గొట్టం వేళ్లకు తగిలింది. ఒక వైపు లక్క చిట్లి మూత వదులైంది.

స్నేహ ఒడ్డు మీద ఒక్కతే గెంతింది. ఫోన్ తీసి, మళ్లీ లోపల పెట్టేసింది. ఇలా మసిబొగ్గులా ఇవ్వకూడదు. కొత్తదానిలా చేసి అక్క చేతిలో పెట్టాలి.

"ఇంతేనా మీ నిధి?" అంది అమృత, ఆ సాయంత్రం వంటింట్లోకి తొంగిచూస్తూ.

"నువ్వు ఆగవే."

మూత తీస్తే ఇసుక రాలింది. దాని వెనక ఎండిపోయిన నల్లటి ముక్కేదో గోడకు కరుచుకుని ఉంది.

"ఛీ, పురుగేమోనే! పడెయ్" అంది అమృత.

స్నేహ పిన్నీసుతో దాన్ని గీకి తీసింది. సింకులో పంపు తిప్పి కడిగేసింది. టూత్‌పేస్ట్ పెట్టి పాత బ్రష్‌తో అరగంట తోమితే వెండి పాలలా తెల్లబడింది. కొత్త నల్లతాడు కూడా ఎక్కించింది.

మర్నాడు కాలేజీ మానేసి బస్సెక్కింది. తలుపు తీసిన మృదుల ముందు గుప్పిట తెరిచింది.

మృదుల ఆ తాయెత్తుని రెండు చేతులతో లాక్కుంది. కళ్లకద్దుకుంది. చెంపకి ఆనించుకుంది. ఆవిడ నవ్వగా చూడటం స్నేహకు అదే మొదటిసారి. "నీ రుణం ఎలా తీర్చుకోనమ్మా" అంటూనే దాన్ని చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపింది.

నవ్వు ఆగిపోయింది.

మూత తీసింది. అరచేతిలోకి బోర్లించింది. మళ్లీ బోర్లించింది.

"లోపల ఉండాలే... ఏదమ్మా?"

"అదా! ఏదో ఎండు చెత్త ఇరుక్కుంటే గీకేసి సింకులో కడిగేశానక్కా. చూడండి, ఎలా మెరిసిపోతోందో!"

మృదుల గడప మీదే కూర్చుండిపోయింది. తిట్టలేదు. ఖాళీ గొట్టంలోకి చూస్తూ, చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లగా అంది.

"చెత్త కాదమ్మా, స్వీటీ పుట్టినప్పుడు ఊడిన బొడ్డుపేగు అది, అస్థికలు కూడా గోదావరిలో కలిపేశాక నా బిడ్డ ఒంటిలోది ఈ భూమ్మీద మిగిలింది అదొక్కటే."