అరవై ఒకటి

బియ్యం కడిగిన నీళ్లు గిన్నెడూ అతని వీపు మీద పడ్డాయి.

తలుపు మీద ఎర్ర రంగుతో అంకె దిద్దుతున్న టోపీ మనిషి ఉలిక్కిపడి తిరిగాడు.

"తుడిచేసిన అంకె మళ్లీ రాస్తావా? సిగ్గు లేదూ?" అంది తాసింగ్.

"చెరపొద్దక్కా. కూల్చే రోజుదాకా ఉండనీ."

"కూల్చడానికేగా రాసేది! పో ఇక్కణ్నుంచి!"

మనీలాలోని ఈ ఫ్లైఓవర్ల కూడలిలో ఇరుక్కున్న బండి గంటకు గానీ కదలదు. అందుకే పడగొట్టి పెద్దది కడతారట. కింద స్తంభాల మధ్య గంజి అమ్ముకుని బతికే తాసింగ్ లాంటి వాళ్లను ఎవరడిగారు? ఆఫీసువాళ్లు ఒకరోజు వచ్చి తలుపు తలుపుకీ అంకె వేసి పోయారు. ఆమెకు పడింది అరవై ఒకటి.

"అంకె ఉన్న ఇళ్లే ముందు కూలుస్తారు. కిరోసిన్‌తో తుడిచెయ్," అన్నాడు ఆ రోజే ఇస్కో.

అతను పేట సంఘానికి పెద్ద, ఆమె కొడుక్కి జ్ఞానతండ్రి; ఆ వరసకే ఆమె 'కుంపరే' అని పిలిచేది. చర్చిలో బిడ్డనెత్తుకున్నవాడు అబద్ధం చెబుతాడా? ఆమె గోకి గోకి తుడిచింది.

వీపు మీద నీళ్లు పడ్డా టోపీ మనిషి మర్నాడూ వచ్చి రాశాడు. ఆమె మళ్లీ తుడిచింది. మూడోసారి రంగు డబ్బా లాక్కుని మురికి కాలవలోకి విసిరింది.

"ఇంకోటి కొనలేనక్కా," అని కుంటుకుంటూ వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

పీడ వదిలిందనుకుంది.

కూల్చే రోజు వచ్చింది. ఆఫీసామె జాబితా పట్టుకుని తలుపులు చూస్తూ నడిచింది. జాబితాలో పేర్లు లేవు, అంకెలే. అంకె ఉన్న ప్రతి ఇంటికీ ఊరి చివర కొత్త ఇంటి తాళంచెవి ఇస్తోంది.

"అరవై ఒకటి!"

"ఇదిగో, ఇక్కడ!" అన్నాడు ఇస్కో.

అంకెలు వేసి పోయాక వచ్చి గుడిసె వేసుకున్న అతని బావమరిది తలుపు మీద అరవై ఒకటి ఎర్రగా మెరుస్తోంది.

తాసింగ్ ఇస్కోకి ఎదురుగా వెళ్లి నిలబడింది.

"కుంపరే! నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టినవాడివి... నా నోట్లోనే మట్టి కొట్టావా?"

ఇస్కో మొహం తిప్పుకున్నాడు.

ఆమె పరిగెత్తి ఆఫీసామె చెయ్యి పట్టుకుంది.

"మీ టోపీ మనిషినే అడగండమ్మా! అది నా అంకె! పనిగట్టుకుని వచ్చి మళ్లీ మళ్లీ నా తలుపు మీదే రాశాడు!"

"మేం ఒక్కసారే రాశాం. టోపీ అంటే... కుంటుతూ నడిచే లుసియోనా? ఆయన మా మనిషి కాదే!"

"మరెవరు?"

"పక్క కూడలి కట్టినప్పుడు, నమ్మినవాడి మాట విని తన అంకె తనే తుడిచేసుకున్నవాడు."