ఊడదీసిన కేబుల్

ఓంప్రకాశ్ కేబుల్ ఊడదీసి బల్ల మీద పెట్టినా నెట్‌వర్క్ కార్డుకు డేటా ప్యాకెట్లు వస్తూనే ఉన్నాయి.

ఆ రాత్రి బేగంపేట ఆఫీసులో అతనూ, కొత్తగా చేరిన సృజనా మాత్రమే మిగిలారు. ఆసుపత్రి మానిటర్లకు వాడే ఆ కార్డు డ్రైవర్‌లో వచ్చే డేటాను కాసేపు దాచుకునే రిసీవ్ బఫర్ పెంచాలని ఆమె సాయంత్రం నుంచి పట్టుబట్టింది. చిన్న బఫర్ నిండితే, వెనక వచ్చే ప్యాకెట్లన్నీ అందకుండా రాలిపోతాయంది.

"నాలుగు రాలితే ఏమైతదమ్మా? మానిటర్లు మళ్ళీ పంపుతయి," అని అప్పుడతను నవ్వేశాడు.

ఇప్పుడొక ప్యాకెట్ తెరిచాడు. 'ఆరో బెడ్. గుండె ఆగింది.' తేదీ నిరుటిది. తర్వాతదీ అదే.

"ఇది నువ్వు చేస్తున్నవా?"

"నా చేతులు జూడుండ్రి, సార్." సృజన చేతులు కట్టుకునే నిలబడింది. "ఆరో బెడ్ మా నాయినది. ఈ అలారం నర్సుకు అందలే. పాపం, ఆమెను కొలువుల నుంచి తీసేసిండ్రు."

ఓంప్రకాశ్ కంప్యూటర్ ప్లగ్గు పీకేశాడు. ఫ్యాన్ల హోరు ఆగింది. తెర మాత్రం ఆరలేదు. ఆ నిశ్శబ్దంలో ఆసుపత్రి మానిటర్ కూత సన్నగా మొదలైంది.

"మళ్ళీ పంపుతుండు సార్, మా నాయిన. మీరే అన్నరు గదా."

ఓంప్రకాశ్ పీకిన ప్లగ్గును కేబుల్ పక్కన పెట్టాడు.

"కార్డు ఆసుపత్రికి పంపకముందు టెస్టులల్లనే ప్యాకెట్లు రాలినయమ్మా. బఫర్ మారిస్తే నెల రోజుల టెస్టులు మళ్ళా షురూ చెయ్యాలె. అందుకే రాలిన ప్యాకెట్ల లెక్క సున్నా చేసి రిపోర్టు మీద సంతకం పెట్టిన. మీ నాయినను నేనే చంపిన."